మా అత్త దవడ రాసిన అక్షరం

నిరుడు వేసవిలో నేను నమిలినప్పుడల్లా కుడి దవడ టక్కుమనడం మొదలైంది. ఎవరో వేరుశనగకాయ వలుస్తున్నట్టుందని ఇంట్లో వాళ్ళు ఆటపట్టించారు. చివరికి విజయనగరం దగ్గరున్న ఒక డెంటల్ కాలేజీకి వెళ్ళాను. తోడుగా మా మేనత్త వచ్చింది. ఆమెది నౌపడ వైపు. నలభై ఏళ్ళుగా గంపతో చేపలమ్మిన మనిషి, ఎవరికీ జంకదు.

అక్కడ చదువుకుంటున్న ఒకమ్మాయి నా గడ్డం మీద నల్లచుక్క అంటించి, ఎదురుగా కెమెరా పెట్టింది. మెత్తటిది తిన్నప్పుడు, గట్టిది తిన్నప్పుడు దవడ ఎలా తిరుగుతుందో కంప్యూటరు గీత గీసి చూపిస్తుందట. "మామూలుగా నమలండి మేడమ్" అంటూ అరటిపండు ముక్క ఇచ్చింది.

మామూలుగా నమలడం ఎలాగో సరిగ్గా అప్పుడే మరిచిపోయాను. దవడ కిందికి దిగాలా, పక్కకి పోవాలా? ఆలోచిస్తూ నాలుక కొరుక్కున్నాను. తెరమీద వణుకుతూ కుడికి ఒరిగిన గీత ఒకటి పడింది.

అత్త పక్కున నవ్వింది. "ఒలమ్మ! తినడం కూడా రాదేటే నీకు? లెగు, నాను సూపిత్తాను."

అమ్మాయి సంతోషంగా చుక్క ఆమెకి మార్చింది. అరటిపండుకి అత్త దవడ రెండుసార్లు కిందికీ పైకీ ఆడిందంతే. తర్వాత ఇచ్చిన జంతికకి మాత్రం తిరగలిలా గుండ్రంగా తిరిగింది. "ఇంకా గట్టిది ఉంటే బాగుండు" అంది అమ్మాయి.

అత్త సంచిలోంచి ఎండుచేప తీసి నోట్లో వేసుకుంది. గదంతా కంపు. పక్క కుర్చీలోని పేషెంటు నోట్లో దూదితోనే లేచి వెళ్ళిపోయాడు. అత్త దవడ ఎడమకి పోయి, మెలికపడి, కుడికొచ్చి, మళ్ళీ చుట్టు తిరిగింది.

"అమ్మా! అచ్చం 'ళ'లా ఉంది!" అని అమ్మాయి తెరమీది గీత చూసి చప్పట్లు కొట్టింది.

బడి గుమ్మం తొక్కని అత్త ముఖం వెలిగిపోయింది. "అయితే నాకు రాయడం వచ్చీసినాది! ఇంకేటి రాయాల సెప్పు, ఇంకో సేప తింతాను."

డాక్టరు ముక్కు మూసుకుని వచ్చి నా గీత చూశాడు. "మీరు కుడివైపే నములుతున్నారు. రెండు వైపులా అలవాటు చేసుకోండి" అన్నాడు.

ఆ బాధ్యత అత్త తీసుకుంది. వారం రోజులు మా ఇంట్లోనే ఉండి, నేను కంచం ముందు కూర్చోగానే ఎదురుగా చతికిలబడేది. "ఎడం... ఎడం... ఒసే, కుడికెల్లిపోతన్నావే!" ఆ కేకలకి మా ఆయన ముద్ద తడబడేది. కంచం పట్టుకుని వరండాలోకి పోయేవాడు.

వారం తిరిగేసరికి నా టక్కుటక్కు తగ్గింది. ఊరికి బయల్దేరుతూ అత్త వరండాలో ఆగి, ఆయన తినడం కాసేపు చూసింది.

"అల్లుడు ఉడతలాగ ముందు పళ్ళతోటే తింతన్నాడే" అంది నాతో. "వచ్చే నెల ఆయన్ని తీసుకెల్దుం."