కోతకు పంపిన ట్రాన్స్‌ఫార్మర్

గాజు వాల్వులతో నడిచే పాత యాంప్లిఫయర్లను బాగుచేసే పనిలో నేను రాసుకున్నదాన్ని తప్ప దేనినీ నమ్మను. ఫ్యాక్టరీలో టెస్టింగ్ విభాగంలో పనిచేసినంత కాలం అదే అలవాటు; రిటైరై ఇంటి వెనుక గదిలో బల్ల వేసుకున్న తరువాతా అదే. ఏ యంత్రం వచ్చినా విప్పిన వెంటనే ప్రతి వాల్వు వద్ద వోల్టేజీ, ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ తీగచుట్ట నిరోధం కొలిచి నోటుపుస్తకంలో రాస్తాను. అటువంటి పుస్తకాలు నా వద్ద పదిహేడు ఉన్నాయి. అంతటి నేను, ఒక మంచి ట్రాన్స్‌ఫార్మర్‌ను చేజేతులా కోతకు పంపించాను.

అది పాత బేస్ గిటార్ యాంప్లిఫయర్‌లోది. ఇద్దరు పట్టుకుంటే గాని ఆ పెట్టె లేవదు. తెచ్చిన అమ్మాయి కర్నూలు వైపు నుంచి వచ్చి ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేస్తున్నది. సెలవు రోజుల్లో ఒక బ్యాండులో బేస్ వాయిస్తుంది. స్విచ్ వేసిన కొద్ది నిమిషాలకే ఒక వాల్వు లోపలి రేకు ఎర్రగా కాగి ఫ్యూజు పోతున్నది. అంతకుముందు చూసిన దుకాణం వారు లోపలిదంతా పీకి కొత్త బోర్డు పెట్టించుకొమ్మన్నారట. కుందలహళ్ళిలో కేఫ్ తెరవబోతున్న ఒకాయన, ఎలాగూ పనికిరాదు గనుక పెట్టెను తనకిమ్మన్నాడట. ముందున్న గుడ్డ చింపేసి, లోపల అరలు కొట్టి, సీసాలు పేర్చుకుంటాడు. శుక్రవారం లోగా ఏ సంగతో చెప్పమన్నాడట.

సీసాలు! ఇటువంటి యంత్రంలో కింది తీగ మీటితే స్వరం ఒత్తుగా లేస్తుంది, గది నేలను పట్టుకుంటుంది, తనకు కావలసినంత సమయం తీసుకొని తగ్గుతుంది. కాస్త బలంగా మీటితే అంచున సన్నని గరుకు తేలుతుంది, వయసు మళ్ళిన గాయకుడి గొంతులో లాగా. వినడానికి చెవులున్నవాడెవడూ దానిలో అరలు కొట్టడు.

కానీ కోపంతో కొలత మారదు. స్పీకరును నడిపే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌లో తీగచుట్ట రెండు సగాలుగా ఉంటుంది. వాటి నిరోధాల మధ్య కొద్ది తేడా సహజమే. ఇక్కడ ఒకవైపు నూట ముప్పై ఓములు, రెండోవైపు తొంభై ఎనిమిది. అంత తేడా ఎన్నడూ చూసిన గుర్తు లేదు. ఎర్రబడుతున్న వాల్వు కూడా ఆ తక్కువ వైపుదే. లోపల చుట్లు ఒకదానికొకటి అంటుకుపోయాయని నిర్ణయించాను. ట్రాన్స్‌ఫార్మర్‌ను ఊడదీసి, నగర్తపేటలో కాయిళ్ళు చుట్టే నా పాత మిత్రుడికి అప్పగించి, తీగంతా కోసేసి కొత్తది చుట్టమన్నాను. కోసిన తరువాత మునుపటి గొంతు వస్తుందని హామీ ఇవ్వలేనని అమ్మాయికి చెప్పాను. ఆ గొంతు రాకపోతే తనకూ వద్దని, పెట్టెను కేఫ్ ఆయనకే ఇచ్చేస్తానని ఆమె నెమ్మదిగా అన్నది.

మూడో రోజు పొద్దున ఆమె ఫోను చేసింది. మాటల మధ్య, ఆ యాంప్లిఫయర్ ఒకప్పుడు తమ బ్యాండు డ్రమ్మర్ తాతగారిదని, ఆయన పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో బేస్ వాయించేవారని చెప్పింది. ఆయన పేరు వినగానే నేను కుర్చీలోంచి లేచాను. నా పుస్తకాల సూచికలో యంత్రాల నంబర్లు లేవు, తెచ్చినవారి పేర్లే ఉన్నాయి. చేతులు మారిన యంత్రం నాకు కొత్త యంత్రమే. నాలుగో పుస్తకంలో ఆయన పేరు కింద నా చేతిరాతలోనే ఉన్నది: నూట ముప్పై, తొంభై ఎనిమిది. పక్కనే, 'తేడా ఎక్కువ. అయినా శబ్దం చాలా బాగున్నది' అని.

ఆ ట్రాన్స్‌ఫార్మర్ మొదటి నుంచీ అంతే. దానికి ఏ రోగమూ లేదు.

మిత్రుడికి ఫోను చేస్తే ఎత్తలేదు. ఆటో ఎక్కాను. అది మార్కెట్ దగ్గర రద్దీలో ఆగిపోతే దిగి, తోపుడుబండ్ల మధ్య నుంచి నడిచి వెళ్ళాను. అతను వాకిలికి వీపు పెట్టి మిషను తిప్పుతూ, కన్నడంలో చుట్లు పైకి లెక్కపెడుతున్నాడు. లెక్క నడుస్తుండగా అతన్ని ఎవరూ పలకరించరాదు. తప్పితే చుట్టిందంతా విప్పి మొదటి నుంచి చుట్టాలి. సొంత అల్లుణ్ణే వాకిట నిలబెట్టిన మనిషి. అతని కాళ్ళ దగ్గర కోసి పడేసిన పాత రాగితీగ కుప్పగా ఉన్నది. ముదురు గోధుమ రంగు. నేనిచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ తీగదీ ఆ రంగే.

అప్పటికి ఏడు వందల చిల్లరలో ఉన్నాడు. లెక్క ఎంతవరకు వెళ్ళాలో నాకు తెలియదు. జీవితంలో ఎన్నో కౌంటర్ల ముందు గొంతెత్తిన నేను, చెప్పులు విడిచి, సంచీ పట్టుకొని, నోరు మూసుకొని నిలబడ్డాను. వెయ్యి దాటింది. పన్నెండు వందల వద్ద ఆపి, కొస ముడివేసి, గోడ మీద సుద్దతో అంకె రాసి అప్పుడు తిరిగాడు.

"ఏమప్పా, మొగమట్లా ఉండాది?"

"నాది కోసేశావా?"

"నీదా? బల్ల కింద ఉండాది చూడు. ఇది ఎవురిదో స్టెబిలైజర్‌ది." చేతులు తుడుచుకుంటూ అన్నాడు, "నిన్న కోద్దామని పట్టుకొంటిని. ముక్కుకాడ పెట్టుకొంటే కాలిన వాసనే లేదు. కాలని కాయిలు యాల కోసేది? నీకు ఫోన్ చేద్దామనుకొని మర్చిపోతిని."

బల్ల కింద నుంచి దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకొని అతని స్టూలు మీద కూర్చున్నాను. అంత బరువున్న వస్తువు నా ఒళ్ళో అంత తేలికగా ఎన్నడూ అనిపించలేదు. పుస్తకం సంగతి చెప్పాను. అతను టీ తెప్పించి, పక్క దుకాణాల వారు వినేటట్టు, "నీ మీటర్‌కు ముక్కు లేదప్పా" అన్నాడు. మరొకరు అంటే ఊరుకునేవాడిని కాను. ఆ రోజు టీ తాగాను.

ట్రాన్స్‌ఫార్మర్‌ను తిరిగి బిగించి, ఈసారి వేడెక్కనిచ్చి కొలిస్తే అసలు దోషి దొరికింది: వేలి కొసంత కెపాసిటర్. ముందరి వాల్వు నుంచి అధిక వోల్టేజీ రాకుండా ఆపవలసింది, వేడెక్కగానే ఆపడం మానేస్తున్నది. మొదట నేను దాన్ని అది చల్లగా ఉన్నప్పుడు మాత్రమే కొలిచి, బాగున్నదని రాసుకున్నాను. అది మార్చి, వాల్వుల జత మార్చి, పగలంతా నడిపించాను. రేకు ఎర్రబడలేదు.

గురువారం అమ్మాయి వచ్చి కింది తీగ ఒక్కటే మీటి, అది పూర్తిగా తగ్గేదాకా తల వంచుకొని విన్నది. తరువాత అక్కడే నిలబడి కేఫ్ ఆయనకు ఫోను చేసి, పెట్టె ఇవ్వనని, అది పనిచేస్తున్నదని చెప్పింది. అటువంటి చచ్చిన పెట్టె ఇంకెక్కడైనా దొరుకుతుందా అని అతను అడిగాడట. ఆయన అడ్రసు ఇమ్మన్నాను.

"వద్దు సార్," అన్నది నవ్వుతూ. "మీరు ఆయన్ని తిడుతూ లెటర్ రాస్తారు."

నిజానికి ఆ లెటర్ మొదటి పేరా అప్పటికే మనసులో పూర్తయింది.