నేను కొట్టేసిన వాక్యం

1998. రాజమండ్రిలో ఒక లా కాలేజీ ఆఫీసులో నేను సీనియర్ అసిస్టెంటుని. ఆ జూలైలో మా కాలేజీకి మొదటిసారి విదేశం నుంచి ఒక విజిటింగ్ స్కాలర్ వచ్చారు. అంటే కొన్నాళ్లు మా దగ్గరుండి పరిశోధన చేసుకునే అతిథి అన్నమాట. పేరు వాంబుయి. కెన్యాలో న్యాయశాస్త్రం బోధిస్తారు. కాలవ నీళ్ల మీద రైతుల తగాదాలు ఇక్కడ ఎలా తీరతాయో చూడటానికి ఏడాది ఉంటానన్నారు.

ఆవిడకు పనికొచ్చే వివరాలన్నీ ఒక చిన్న పుస్తకంగా తయారుచేయమని ప్రిన్సిపాల్ గారు నాకు పురమాయించారు. ఇలాంటి వాటిలో నాకు కాస్త అత్యుత్సాహం. లైబ్రరీ వేళలు, ధవళేశ్వరం బస్సు ఆగే చోటు, ఎస్టీడీ బూతు, కారం తగ్గించి వండే మెస్సు, దోమతెర ఎక్కడ దొరుకుతుంది, ఇలా పన్నెండు పేజీలు టైపు చేయించాను.

అసలైనది ఒకటి వదిలేశాను. ఆరు నెలలు మించిన వీసాతో వచ్చే విదేశీయులు, వచ్చిన పద్నాలుగు రోజుల్లోగా జిల్లా పోలీసు ఆఫీసుకు వెళ్లి పేరు నమోదు చేయించుకోవాలి. దాన్ని రిజిస్ట్రేషన్ అంటారు. అక్కడ ఇచ్చే రెసిడెన్షియల్ పర్మిట్ లేకపోతే తిరిగి వెళ్లేటప్పుడు విమానం ఎక్కనివ్వరు. చిత్తుప్రతిలో ఆ వాక్యం రాసి, నేనే కొట్టేశాను. ఇంటికొచ్చిన అతిథిని, అందులోనూ ఆడమనిషిని, పోలీసుల దగ్గరికి వెళ్లమని ఎలా చెప్పడం? మా వైపు పరువుగా బతికేవాళ్లు ఆ మెట్లు ఎక్కరు. ఆ ఆఫీసులో నాకు తెలిసినాయన ఒకరున్నారు. ఆయన్నే కాగితాలతో ఆవిడ ఉంటున్న గెస్ట్ హౌసుకు రప్పించి, గుట్టుగా సంతకం పెట్టిద్దామనుకున్నాను. ఆయన కాలు విరిగి సెలవులో ఉన్నారు. వచ్చాక చూద్దాంలే అనుకుంటుండగానే గడువు దాటిపోయింది.

సెప్టెంబరులో ఒక ఉదయం వాంబుయి గారు నా బల్ల ముందుకొచ్చి నిలబడ్డారు. తల్లికి పక్షవాతం వచ్చిందని కబురు. మాట ఇంకా ఉంది, కూతురినే పిలుస్తోందట. "ఎల్లుండి విమానంలో సీటు దొరికింది. ఇంకేమైనా కాగితాలు కావాలా?" అని ఇంగ్లీషులో అడిగారు. ఒక్క నిమిషం కూర్చోమని కుర్చీ చూపించి లేచాను.

ప్రిన్సిపాల్ గారి గదిలోకి వెళ్లి జరిగింది చెప్పాను.

"ఏంటండీ మూర్తిగారూ! రెండు నెలలైంది, ఇన్నాళ్లూ ఏం చేశారండీ?"

"అతిథి కదండీ. పోలీసులంటే ఏమనుకుంటారోనని..."

"చట్టం చెప్పే కాలేజీలో కూర్చుని ఇవేం మాటలండీ!" అంటూ ఆయన తల పట్టుకున్నారు.

వెంటనే ఆవిడను వెంటబెట్టుకుని జిల్లా కేంద్రానికి వెళ్లాను. అక్కడి అధికారి ఆవిడకు కుర్చీ వేయించి, టీ తెప్పించారు. "గడువులోపల వచ్చుంటే గంటలో అయిపోయేదండి మేడంగారూ. ఇప్పుడు ఆలస్యానికి సంజాయిషీ రాసి పైకి పంపాలి. జవాబు వచ్చేదాకా నా చేతుల్లో లేదండి" అన్నారు. నేను అంతగా భయపడ్డ చోట ఆవిడకు దక్కింది మర్యాదే.

మధ్యలో రెండో శనివారం, ఆదివారం వచ్చాయి. జవాబుకు ఐదు రోజులు పట్టింది. నాలుగో రోజున ఆవిడ తల్లి పోయింది.

పర్మిట్ చేతికిచ్చిన రోజు, నన్ను క్షమించమని అడిగాను. పోలీసుల దగ్గరికి వెళ్లమంటే మీకు చిన్నతనంగా ఉంటుందని చెప్పలేదన్నాను.

ఆవిడ పర్మిట్ మడిచి సంచిలో పెట్టుకున్నారు. "నేను పదేళ్లు లాయరుగా పనిచేశాను. పోలీసులు నాకు కొత్త కాదు. చిన్నతనమో కాదో నన్ను అడగాల్సింది" అన్నారు. గొంతు పెంచలేదు. మళ్లీ మా కాలేజీకి రాలేదు.

తర్వాత ఇంకొందరు స్కాలర్లు వచ్చారు. వాళ్లకు మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టి, మొదటి మాటగా రిజిస్ట్రేషన్ గురించే చెప్పేవాణ్ణి. ముఖం చిట్లించినవాళ్లూ ఉన్నారు. అతిథికి ఇబ్బందికరమైన సంగతి ముందే చెప్పాలని నేను నేర్చుకున్నాను. కానీ నా మొహమాటం వల్ల ఒక కూతురికి తల్లి చివరిచూపు దక్కలేదు.

ఆఫీసులో నన్నెవరూ ఏమీ అనలేదు. "మంచి మనసుతోనే చేశారు కదండీ" అని పైగా ఓదార్చారు. ఒక మెమో అయినా ఇచ్చి ఉంటే బాగుండేది.