తెర మీంచి దించిన తుపాకీ కర్ర

మా చిన్నప్పుడు కంప్యూటర్ తెర మీద పల్చటి కాగితం పరిచి, వెనకనుంచి వచ్చే వెలుగులో బొమ్మలు దించేవాళ్లం... నేనూ, నాన్నా. కాగితం జారకుండా నేను మూలలు అదిమి పట్టుకోవాలి. పెన్సిల్ నాన్నది. "ఊపిరి బిగపట్టు అమ్మలూ... చెయ్యి కదిలిందా, మళ్లీ మొదటికే" అనేవాడు. ముక్కు తెరకి తగిలి చిటపటలాడేది.

నాన్న ఉద్యోగం కోసం వచ్చిన పరాయి దేశంలో, బుకిట్ పంజాంగ్ అనే పేటలో మా ఫ్లాట్. హాల్లో ఒక మూల ఆ కంప్యూటర్. వెనక బండెడు పొట్టేసుకుని సగం బల్ల అదే ఆక్రమించేది.

మేం దించింది తుపాకీని. కంగారు పడకండి... అందులో కర్ర భాగం మాత్రమే.

అమెరికాలో తొలి రోజుల్లో చేత్తో చేసిన పొడుగు తుపాకులు ఉండేవి. భుజానికి ఆనించే చోటు నుంచి గొట్టం కొసదాకా ఒకటే చెక్క. దాని మీద పులిచారల్లా గీతలు. ఆఫీసు పని మీద ఆ దేశం వెళ్లినప్పుడు నాన్న ఒక చిన్న మ్యూజియంలో దాన్ని చూశాడు. ఇప్పటికీ అక్కడ కొందరు సరదాకి అచ్చం అలాంటివే చేసుకుంటారట. గొట్టం వద్దు, మందు వద్దు... ఆ కర్ర ఒక్కటి తన చేత్తో చెక్కి గోడకి పెట్టుకోవాలని నాన్న కోరిక.

"మొదట్నుంచి చివరిదాకా ఒక్క మనిషి చేశాడే దాన్ని!" అనేవాడు, వచ్చిన ప్రతివాళ్లతోనూ.

నాన్న వన్-నార్త్ అనే ఆఫీసుల పేటలో ప్రోగ్రాములు రాసేవాడు. ఎక్కడిదో బ్యాంకు సాఫ్ట్‌వేర్, అందులో ఒక ముక్క, ఆ ముక్కలో మళ్లీ ఒక ముక్క. అంతా కలిశాక అది ఎలా ఉంటుందో ఆయన ఎన్నడూ చూడలేదు. లోకమంతా ఐటీ, ఐటీ అని ఊగిపోతున్న రోజులవి. మా నాన్నకి మాత్రం 'ఇదిగో, ఇది నేను చేశాను' అని చూపించుకోవడానికి ఒక్క వస్తువు లేదు. పెద్దయ్యాక పిన్నులు కొట్టిన పల్చటి పుస్తకాలు దొరికినవన్నీ చదివాను. మనిషిని వాడి పనికే పరాయివాణ్ణి చేయడం గురించి వాటిలో ఎంతో రాశారు. చదువుతుంటే ఒళ్లు మండిపోయింది. నాకు పుస్తకం చెప్పాలా? మా హాల్లోనే చూశాను కదా!

చెక్క కోయాలంటే ముందు ప్యాటర్న్ కావాలి. దర్జీ చొక్కాకి కాగితం కత్తిరించి పెట్టుకుంటాడే, అలా అసలు సైజులో గీసిన బొమ్మన్నమాట. అమెరికాలో అమ్ముతారు, పోస్టులో పంపుతారు. అమ్మ ఒప్పుకోలేదు. ఇక్కడ స్థిరంగా ఉండటానికి అప్పుడే పీఆర్‌కి దరఖాస్తు పెట్టారు.

"ఏవండీ, కాగితాలు ఇంకా వాళ్ల చేతిలో ఉన్నాయి. ఈ దేశంలో, ఈ టైములో, ఇంటికి తుపాకీ బొమ్మ తెప్పిస్తారా?"

"ఒట్టి పేపరే లా అమ్మా!" అని అక్కడి బడిపిల్లల యాసలో అరిచాను.

"నువ్వు నోర్ముయ్. రేపు దేశం వదిలి పొమ్మంటే మీ టీచరుకి నువ్వే చెప్పుకో, ఒట్టి పేపరని."

అందుకే తెర మీంచి దించడం. నెట్‌లో సరైన ఫొటో దొరకడానికే నెలలు పట్టింది. కొన్నిట్లో కర్ర సగమే ఉండేది, కొన్నిట్లో ఓరగా పడుకుని ఉండేది. చివరికి తిన్నగా పక్కనుంచి తీసింది ఒకటి దొరికింది. అసలు సైజుకి పెంచితే అంచులు మెట్లు మెట్లుగా విడిపోయేవి. ఆ మెట్ల మధ్యలోంచి నాన్న గీత లాగేవాడు. తెరలో పట్టినంత దించడం, బొమ్మని పక్కకి జరపడం, మళ్లీ దించడం... ఆ సెలవులన్నీ అలాగే గడిచాయి. అంత సంతోషంగా నాన్నని నేను మళ్లీ చూడలేదు.

ముక్కలు అతికించడానికి మైదాపిండితో లై కాచి ఇచ్చింది అమ్మే. మొహం మటుకు అటు తిప్పుకుని.

చూడ్డానికి ఖలీల్ అంకుల్ వచ్చారు. హైదరాబాదు మనిషి, ఆఫీసులో నాన్న పక్క సీటు. ఆంగ్ మో కియోలో చెక్క దొరికే చోటు కూడా ఆయనే కనుక్కుని వచ్చారు. నేల మీద పరిచిన కాగితం పక్కన బోర్లా పడుకుని, ఒక కన్ను మూసి, ఈ కొస నుంచి ఆ కొసకి చూశారు.

"క్యా భాయ్, ఇది బందూకా, పామా? గోలీ వదిలితే మెలికలు తిరుక్కుంట మన లిఫ్ట్‌లకే వస్తది!"

నాన్న నవ్వలేదు. స్కేలు పెట్టాడు. గొట్టం కూర్చోవాల్సిన గీత తిన్నగా ఉండాలి. మాది ప్రతి అతుకు దగ్గరా వంగి, మధ్యలో ఉబ్బి, మళ్లీ అతుకు దగ్గర వంగింది. తెర అద్దమే ఉబ్బుగా ఉంది... కాగితం ఆ ఒంపు మీదే పరుచుకుంది. రోజంతా అలాంటి తెరల ముందే కూర్చునే ఇద్దరు ఇంజినీర్లకి ఆ ఒంపు అన్నాళ్లూ కనపడనే లేదు!

"ఛోడో భాయ్. అసలు కాగితమే తెప్పిద్దాం. మా ఇంటి అడ్రస్ రాయి" అన్నారు అంకుల్.

నాన్న వంటింటి వైపు చూశాడు. అమ్మ కుళాయి కట్టేసి నిలబడి ఉంది.

"వద్దులే... పీఆర్ రానీ" అన్నాడు.

మర్నాడు కంప్యూటర్‌లో దాచుకున్న ఆ సైట్ల పేర్లన్నీ ఒక్కొక్కటే తీసేశాడు. నేను ఏడ్చి, అరిచి, అన్నం మానేశాను. ఎవరూ బతిమాలలేదు.

పీఆర్ వచ్చింది. అమ్మ పాయసం చేసింది. నాన్న ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చి, బ్యాగు ఒళ్లో పెట్టుకుని సోఫాలో అలాగే కూలబడ్డాడు. నేను పరిగెత్తుకెళ్లాను.

"నాన్నా, ఇప్పుడు తెప్పిద్దామా?"

"దేన్నమ్మా?" అన్నాడు.

నటించలేదు. నిజంగానే గుర్తు రాలేదు. నా కోపం ఇప్పటికీ అక్కడే ఆగి ఉంది...

పోయిన వారం అసలు సైజు ప్యాటర్న్ నెట్‌లో కనిపించింది, వెతికీ వెతక్కముందే. నాన్నకి పంపాను. జవాబుగా బొటనవేలి బొమ్మ ఒకటి వచ్చింది. అంతే.

ఇప్పుడు అన్నీ దొరుకుతున్నాయి... వాటి కోసం నెలల తరబడి వెతికిన మనిషే దొరకడం లేదు.

మీ ఇళ్లల్లోనూ ఎవరో ఒకరు ఇలా మధ్యలో వదిలేసిన పని ఉండే ఉంటుంది. కింద రాయండి, చదువుతాను. 'టైం లేక మానేశారు' అని మాత్రం రాయకండి... ఆ టైం ఎవరు పట్టుకుపోయారో అది రాయండి.