తాడు విసరాల్సిన పూట

మాది ఆళ్లగడ్డ. నాయన రాయి చెక్కుతాడు. ఉలి పట్టుకోరా అంటే నేను తెడ్డు పట్టుకున్యా. గాలి నింపిన రబ్బరు తెప్పలో జనాన్ని కూర్చోబెట్టుకోని, రాళ్ల మధ్య ఉరికే ఏట్లో క్షేమంగా దాటించే గైడు పని అది. "నీళ్లకు మొగం వాచిన సీమలో పుట్టి పడవ పనేందిరా, కూడు పెడతాదా?" అని నాయన నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలే.

నేర్పే సారుది నంద్యాలే. కర్ణాటకలో కాళీ నది మీద శానా ఏండ్లు తెప్పలు నడిపి, మోకాలు చెడి ఇంటికొచ్చినాడు. మా కుందూ ఏటికి నీళ్లొచ్చినప్పుడు ఊరి బయట ఒక పాత ఆనకట్ట కాడ మాకు పాఠం. నేర్చుకునేది ఇద్దరమే. నేనూ, నంద్యాలలో పరుపులు కుట్టే సాయిబుల ఇంట్లో పుట్టిన నా ఈడోడూ. పరీక్షలో గట్టెక్కినోన్ని కాళీ మీద పనికి పంపిస్తానని సారు మాటిచ్చినాడు. ఇద్దరం దాని మీదే ఆశ పెట్టుకోనుంటిమి.

ఆ ఆనకట్ట చూడ్డానికి నడుమెత్తు కూడా ఉండదు. దాని మీంచి దుంకిన నీళ్లు కింద మళ్లీ వెనక్కి తిరుగుతాయి. ఆ తిరుగుడులో పడింది ఏదీ తొందరగా బయటికి రాదు. ఒకరోజు సారు ఖాళీ నీళ్ల క్యాను ఒకటి విసిరినాడు. అది మునిగె, లేచె, మళ్లీ ఆనకట్ట కాడికే పోయె. మేం తిని వచ్చినాక కూడా ఆడ్నే తిరుగుతాండె. "మనిషైనా ఇంతే" అన్యాడు సారు చేతులు తుడుచుకుంటా.

ఇంకో సంగతి. ఆ నీళ్ల కాడ ఒంటిగా నిలబడితే ఎవరో మాట్లాడుకుంటాండట్టు ఇనపడతాది. హోరు లోపల ఆడమనిషి నవ్వినట్టు, దూరంగా ఎవరో ఎద్దుల్ని అదిలించినట్టు. తిరిగి చూస్తే జొన్నచేను తప్ప నరపురుగు ఉండదు. సారుకు చెప్తే, "యా నదైనా మాట్లాడతాది. చెవుల్ని నమ్మాకండి, కండ్లను నమ్మండి" అన్యాడు. ఆయన నవ్వలే. నవ్వింటే నాకు బాగుండు.

పరీక్ష రోజు మొయిలు పట్టి మిట్టమధ్యాన్నమే మసకగా ఉండె. మావోడు ఆనకట్టకు శానా దిగువన నీళ్లలో దిగి కొట్టుకపోతాండట్టు నటించల్ల. నేను గట్టు మీద సంచిలో మడిచిన తాడు పట్టుకోనుండి, సారు "తాడు!" అని అరిచిన చిటికెలో విసరల్ల. ఒక్కసారే అరుస్తా, రెండోసారి అరిచేదే లేదు అని సారు మొదటి రోజు నుంచీ మొత్తుకుంటాండాడు.

అనుకునేది ఒకటి, అయ్యేది ఒకటి. ఎగువన కట్టేసిన తెప్పలోంచి తెడ్డు తీసుకోబోయి మావోడు కాలు జారినాడు. నీళ్లు వాన్ని ఎత్తుకోని ఆనకట్ట దాటించి, తిన్నగా ఆ తిరుగుడులో పడేసె. నేనింకా ఆనకట్ట కాడి గట్టు మీదే ఉంటి, తాడు సంచి చేతిలోనే.

"తాడు!"

సారు అరుపు నాకు ఇనపడింది. బాగా ఇనపడింది. అబద్ధం చెప్పను. ఇనపడినా కదలకుండా నిలబడితి.

ఎందుకంటే మా దిక్కు హిందువులైనా సాయిబులైనా, నీళ్ల కాడికి పోయే పిల్లలకు పెద్దోళ్లు చెప్పేది ఒకటే. ఒక్క పిలుపుకు పలకాకు, కదలాకు. మనిషైతే మూడుసార్లు పిలుస్తాడు, మనిషి కానిదానికి అంత ఓపిక ఉండదు. మా అవ్వ నా చెవి మెలేసి మరీ చెప్పింది. ఇట్లాంటివన్నీ ఉత్తివే అని నేను ఊరంతా చెప్పుకోని తిరిగేటోన్ని. ఆ పొద్దు నా చెయ్యి మాత్రం తక్కిన రెండు పిలుపుల కోసం కాచుకోనుండె.

నారింజరంగు హెల్మెట్టు మునిగె. లేచె. మళ్లీ మునిగె. రెండో పిలుపు రాలే. సారు నోరు మూసుకోని, కుంటుకుంటా నా మీదికి ఉరికొస్తాండేది కండ్లబడె. థూ నా బతుకు చెడ! నీళ్ల పైన చెయ్యొకటి కనపడితే దాని మీదికి తాడు విసిరినా. బరువు తగిలె. నేనూ సారూ కూలబడి లాగినాం.

వాడు గట్టు మీద పడి మట్టినీళ్లు కక్కినాడు. సారు నా దిక్కు తిరిగినాడు.

"ఇనపడిందా?"

"ఇనపడింది సార్."

"మరి ఏంటికి అట్ల నిలబడితివి?"

అవ్వ మాట చెప్పడానికి సిగ్గాయ.

"నిన్ను కాళీకి పంపను పో" అన్యాడు. తిట్టింటే తట్టుకుందును. అంత నెమ్మదిగా అనేసరికి ఏడుపొచ్చె.

సాయంత్రం నన్ను ఆళ్లగడ్డ బస్సెక్కియ్యడానికి మావోడు బస్టాండు దాకా వచ్చినాడు.

"సారు మాట మనసులో పెట్టుకోవాకు మామా" అన్యాడు. "అడుగున నాకేమీ కనపడలే. నీ గొంతొకటే ఇనపడె. పేరు పెట్టి పిలుస్తాంటివి సూడు, చెవి పక్కనే ఉన్నట్టు. ఒకసారి. ఇంకోసారి. మా దాదీ చెప్పినట్టు మూడోసారికి పలుకుదామని నోరు తెరవబోతి. అంతలో తాడు చేతికి తగిలె."

నేను పోయి బస్సులో కిటికీ పక్కన కూర్చుంటి. బస్సు కదిలె. వాడు కిటికీ పట్టుకోని నాలుగడుగులు నడిచినాడు.

"నువ్వు పిలవకుంటే భయానికే సచ్చిపోతాంటి మామా. అల్లా నిన్ను సల్లగా సూడల్ల."

వాడిప్పుడు కాళీ మీద గైడు. ఫోను చేసినప్పుడల్లా ఆ మాటే ఎత్తుతాడు. ఆ పొద్దు గట్టు మీద నేను నోరే తెరవలేదని వానికి ఇంతవరకూ చెప్పలే.