కారు మీద కప్పిన చొప్ప

మా చిన్నప్పుడు... రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, మా కారును హుసేనప్ప ఎద్దులు దొడ్డిలోకి లాక్కొచ్చాయి.

మాది కోసిగి దగ్గర పల్లె. నాయనది వేరుశనగ వ్యాపారం. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఆ కారు ఒక్కటే. పెట్రోలుకు కూపన్లు పెట్టారు. కొన్నాళ్లకు కూపన్లు ఉన్నా పెట్రోలు దొరకలేదు. యుద్ధం అయ్యేదాకా కారును కదపకుండా దాచుకోవాలి అన్నాడు నాయన. మా ఇంటి వాకిట్లో అది పట్టదు. దొడ్డిలో, ఆరుబయట పెట్టాల్సిందే...

హుసేనప్ప మా పక్కింటి రైతు, దూదేకుల ఆయన. నేను మామా అని పిలిచేదాన్ని. ముందు కాడి కట్టి లాగిస్తూ ఒకటే నవ్వు.

"సావుకారీ, నీ బండికి చక్రాలు నాలుగుండాయి గానీ కాళ్లు లేవే! ఆఖరికి మా యెద్దులే దిక్కాయె."

"నవ్వప్పా నవ్వు. పెట్రోలు రానీ, నిన్ను ఎక్కించుకుంటానేమో సూడు" అన్నాడు నాయన.

ఆదోని మెకానిక్ చెప్పినట్టే అన్నీ చేశారు. రేడియేటరులో నీళ్లు వదిలేశారు. ట్యాంకు ఖాళీ చేశారు. బ్యాటరీ తీసి ఇంట్లో పెట్టారు. ఎలుకలు దూరకుండా పొగగొట్టంలో గుడ్డ కుక్కారు. సీట్ల సందుల్లో ఎండు వేపాకు... మెరిసే ఇనుముకంతా ఆముదం. ఇరుసుల కింద బండలు పేర్చి, చక్రాలు ఊడదీసి సామాన్ల గదిలోకి చేర్చారు.

ఇక మిగిలింది నీడ. మా ఎండకు తోలు సీట్లు, పైనుండే గుడ్డ ఒక్క వేసవికే పగిలిపోతాయి. రేకులు దొరికే రోజులు కావవి. హుసేనప్పే తన జొన్న చొప్ప రెండు బండ్లు తోలుకొచ్చి, గుంజలు పాతి, కారు మీద మందంగా పందిరి వేశాడు. ఊరికే ఇచ్చాడు.

"ఇంత సొప్ప ఎందుకప్పా?"

"ఉండనీ సావుకారీ. ఈ యేడు మా యెద్దులు తిన్నా తరగదు."

నిజమే, ఆ ఏడు పంట బాగా పండింది. ఆ పందిరి కింద చల్లగా ఉండేది... పిల్లలమంతా అక్కడే ఆడుకునేవాళ్లం.

మరుసటి ఏడు వాన పడలేదు.

ఎండలు ముదిరాక ఒక పొద్దున హుసేనప్ప వచ్చి గోడ అవతలే నిలబడ్డాడు. నాయన కారు తుడుస్తున్నాడు.

"ఏమప్పా, ఆడనే నిలబడితివి?"

"ఏం లేదు సావుకారీ... యెద్దులు మట్టి నాకతాండాయి. ఆ పైనుండే సొప్ప దింపిస్తే..."

నాయన పందిరి వైపు చూశాడు. కారు వైపు చూశాడు.

"నీ సొప్పే గదప్పా, నేను కాదంటానా? ఈ ఎండలో పందిరి తీస్తే బండి పాడైపోతాది. మళ్లా ఇట్లాంటిది యాడ తెచ్చేది? ఒక్క వారం ఓర్చుకో. మంత్రాలయం పక్క నుంచి, ఏటి ఒడ్డు జమ్ముగడ్డి తెప్పిస్తాండా. అది కప్పినాంక సొప్పంతా నీ ఇంటికే."

"సరే సావుకారీ."

"కోపం పెట్టుకోవద్దప్పా."

"కోపమేముండాది" అని వెళ్లిపోయాడు. మళ్లీ అడగలేదు.

అన్నం దగ్గర అమ్మ అంది... "దానికి మేత పెట్టే పని లేదు గదా, అందుకే నీకంత ముద్దు." ఆ సాయంత్రం నుంచి అమ్మ పందిరి వెనక వైపున పిడికెడు పిడికెడు చొప్ప లాగి గోడ మీదుగా వేసేది. నాయన చూశాడు. చూడనట్టు పక్కకు తప్పుకున్నాడు. రెండు ఎద్దులకు పిడికెళ్లు ఏం సరిపోతాయి...

జమ్ము వారంలో రాలేదు. నది దాకా బండి తోలడానికి ఎవరి ఎద్దుల్లోనూ సత్తువ లేదు. ఎట్లాగో వచ్చిన రోజు నాయనే పందిరి ఎక్కి చొప్ప దింపాడు. మొదటి కట్ట తనే మోశాడు. నేను వెనకాలే వెళ్లాను.

హుసేనప్ప కొట్టంలో కట్టుగుంజలు ఉన్నాయి. ఎద్దులు లేవు.

"నిన్న సంతకు తోలుకపాయ సావుకారీ" అంది అతని భార్య.

"ఎవురికి..." అని నాయన ఆగిపోయాడు. కరువు ఏడు సేద్యానికి ఎద్దులు కొనేవాళ్లు సంతకు రారు, కోతకు కొనేవాళ్లే వస్తారు. అది పిల్లలం, మాకు కూడా తెలుసు.

ఆమె కట్ట వైపు చూసింది. "ఇప్పుడెందుకు సావుకారీ?" అంది. నాయన దాన్ని అక్కడే దించి వచ్చేశాడు. ఆ నెలలోనే వాళ్లు ఇంటికి తాళం వేసి, పిల్లలతో సుగ్గికి పోయారు... పరాయి ఊళ్లలో కూలి పనికి.

యుద్ధం ముగిసింది. పెట్రోలు వచ్చింది. చక్రాలు బిగించి హ్యాండిల్ తిప్పితే కారు వెంటనే అందుకుంది. ఊరంతా చేరింది. సుగ్గి నుంచి తిరిగొచ్చిన హుసేనప్ప కూడా వచ్చి, సీటు మీద చెయ్యి వేసి చూశాడు.

"శానా బాగా కాపాడుకుంటివి సావుకారీ. ఒక్క పగులు గూడా లేదు."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉండి ఉంటే నాయనకు కొంచెం తేలికయ్యేదేమో.

"ఎక్కప్పా, అట్లా పోయొద్దాం."

"కూలికి పోవల్ల, పొద్దుబోతాది" అని అతను నడిచి వెళ్లిపోయాడు. నాయన ఇంజను ఆపేసి లోపలికి వెళ్లాడు.

దీని గురించి ఆయన మాతో ఎప్పుడూ మాట్లాడలేదు. మాకు ఎద్దులు లేవు. అయినా తర్వాత ఏటా దొడ్డిలో చొప్ప వామి వేయించేవాడు... ఎవరు అడిగినా, అడిగినంత. హుసేనప్ప మాత్రం మళ్లీ ఎద్దులు కట్టలేదు.

నాకిప్పుడు తొంభై దగ్గరపడింది. మా వీధిలో ఇంటికో కారు... ఎండలోనే నిలబడి ఉంటాయి, ఎవరూ పట్టించుకోరు. పక్కింటికి వెళ్లి గోడ అవతల నిలబడి అడగాల్సిన అవసరం ఇప్పుడు ఎవరికీ లేదు. అదీ మంచిదే అనుకుంటాను, ఒక్కోసారి...

మీ ఇంట్లో పెద్దవాళ్లు కూడా ఎవరి ముందైనా ఇలా మాట రాక నిలబడటం మీరు చూశారా? చూసి ఉంటే రాయండి... చదువుతాను.