లాంప్ రూంలో ఊదుబత్తి

మొదటి షిఫ్టు వాళ్లు రాకముందే రాజకుమారి లాంప్ రూం తలుపు తీసి, మైసమ్మ పటానికి బొట్టుపెట్టి, ఊదుబత్తి ముట్టించి, ఛార్జింగులో ఉన్న టోపీలైట్ల వరుసల ముందు మెల్లగా తిప్పేది. గోదావరిఖనిలో ఆ బొగ్గుగని దిగేవాళ్లందరూ ఆ వాసనలోంచే లైటు అందుకొని పోయేవాళ్లు. భర్త పోయాక వచ్చిన ఉద్యోగం అది. కిటికీలోంచి లైటు ఇస్తూ ఒక్కొక్కరినీ పేరుపెట్టి పలకరించేది. "పోయొస్త అక్కా" అన్న మాట వినకపోతే ఆమెకు పొద్దు మొదలైనట్టే ఉండేది కాదు.

పోయిన వానాకాలం రమ వచ్చింది. గోదావరి అవతలి జైపూర్ పిల్ల, డిప్లొమా చదివింది. ఆమె తెచ్చిన అట్టపెట్టె నిండా అగ్గిపెట్టెకన్నా చిన్న డబ్బీలు. గనిలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటే పసిగట్టేవి. అంతకుముందు గ్యాసు చూసే సర్దార్ నడుముకు కట్టుకునే పెద్ద మీటరు ఒక్కటే దిక్కు. ఇవి మంచిగా పనిచేస్తే ప్రతి మనిషి జేబులో ఒకటి ఉంటుంది. అందుకని కొన్నాళ్లు పెద్ద మీటరుతో పోల్చి చూస్తున్నారు.

డబ్బీలో బియ్యపు గింజంత చిప్పు, దానిమీద తగరపు ఆక్సైడు పూత, కింద కంటికానని హీటరు. గ్యాసు తగిలితే పూతలో కరెంటు నడక మారుతుంది. ఒక చిన్న బ్యాటరీతో రోజుల తరబడి నడుస్తుంది.

"ముందుగాల వేడెక్కాలె అన్నా," అని రమ చెప్పేది. "వేడెక్కేటప్పుడు సుట్టూ ఉన్న గాలినే మంచిగాలి అనుకుంటది. దాన్నే సున్నా జేసుకుంటది."

లాంప్ రూంలోనే ఓ పక్కన డబ్బీలు వేడిచేసే ఆమె బల్ల చుట్టూ కార్మికులు మూగేవాళ్లు. రాజకుమారి లైట్లు తుడుస్తూ, విననట్టే ఉండి అంతా వినేది. ఆ సర్దార్ నర్సింగం ఏళ్లుగా ఆమె కిటికీకి ఆనుకొని ముచ్చట పెట్టినవాడు. ఇప్పుడు ముందు ఆ బల్ల దగ్గరికే పోతున్నాడు. రమ నవ్వు రాజకుమారికి గిట్టేది కాదు. ఆ పిల్ల జడ నచ్చేది కాదు, నడక నచ్చేది కాదు, టిఫిన్ డబ్బా మూత తీసే తీరూ నచ్చేది కాదు.

ఇంతలో డబ్బీలు తప్పు చెప్పడం మొదలుపెట్టాయి. రెండో షిఫ్టులో సరిగ్గానే ఉండేవి. మొదటి షిఫ్టులో మాత్రం పెద్ద మీటరుకన్నా తక్కువ చూపేవి. ఆఫీసరు రమను నిలబెట్టి అడిగాడు. ఆ రోజు రాజకుమారికి చాయ చక్కెర ఎక్కువేసినట్టు తియ్యగా ఉంది.

ఒకరోజు ఆమె సెలవు పెట్టి కమాన్‌పూర్‌లో ఆడబిడ్డ ఇంటికి పోయింది. మరునాడు నర్సింగం కిటికీలోకి తలపెట్టాడు.

"అక్కా, నిన్న నువ్వు లేవు, డబ్బీలన్నీ మంచిగ చెప్పినయి. నీ దిష్టే తగుల్తున్నట్టుంది."

వెనక ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వు ఇంటిదాకా ఆమె వెంట వచ్చింది. పొయ్యిమీద అన్నం ఉడుకుతుంటే తట్టింది. నిన్న లాంప్ రూంలో లేనిది తనొక్కతే కాదు. ఊదుబత్తి కూడా లేదు. ఆ పొగలోనూ ఆ గ్యాసు ఎంతోకొంత ఉంటుంది. డబ్బీలు దాన్నే మంచిగాలి అనుకుంటున్నాయి, అందుకే గనిలోకి దిగాక తక్కువ చెప్తున్నాయి.

తెలిసీ మరునాడు ఒకటికి రెండు ముట్టించింది.

సాయంత్రం ఆఫీసరు తేల్చి చెప్పాడు. రేపు కూడా ఇట్లనే ఉంటే డబ్బీలు వాపస్, రమ కూడా వాపస్.

తెల్లవారి రమ అందరికన్నా ముందే వచ్చింది. ఏడ్చిన కళ్లు. డబ్బీలన్నీ తెచ్చి మైసమ్మ పటం ముందు పేర్చింది.

"అక్కా, నీ చెయ్యి మంచిదంటరు అందరు. ఇయ్యాల వీటికి గూడ ఊదుబత్తి తిప్పవా?"

రాజకుమారి అగ్గిపుల్ల గీసింది. అది వేళ్లదాకా కాలి చురుక్కుమన్నా ఊదుబత్తికి తగిలించలేకపోయింది.

"డబ్బీలు తీస్కొని బయటికి నడువు," అంది.

రమ ముఖం వాడిపోయింది.

"తిడ్తలేను పిల్లా. నా పొగనే మంచిగాలి అనుకుంటున్నయి అవి. తెలిసే మొన్న ఒకటికి రెండు ముట్టిచ్చిన.""

ఇద్దరూ గేటు పక్కన గాలి వీచే చోట డబ్బీలు వేడిచేశారు. ఆ షిఫ్టులో డబ్బీలు పెద్ద మీటరుతో సరిపోయాయి. రమ ఆఫీసరుకు రాజకుమారక్కనే కనిపెట్టిందని చెప్పింది. ఆ రెండో ఊదుబత్తి సంగతి మాత్రం ఎత్తలేదు. మంచితనంలోనూ ఆ పిల్లే ముందుందని రాజకుమారి ఆ రోజంతా కుమిలిపోయింది.

ఇప్పుడు డబ్బీలు కార్మికుల జేబుల్లో గనిలోకి దిగాకే ఆమె ఊదుబత్తి ముట్టిస్తుంది. లైటుతోపాటు డబ్బీ కూడా ఆమె కిటికీలోంచే పోతుంది. నర్సింగం ఇంకా ముందు రమ బల్ల దగ్గరే ఆగుతాడు.