ధూపంలో పాల మిఠాయి వాసన

అనెస్టిస్ గొంతంటే గ్రీసు దేశంలోని మా నేయా యోనియా పేటకు ఎంత గర్వమో, అతని దగ్గంటే అంత చిరాకు. చర్చిలో కుడివైపు పుస్తకపీట ముందు నిలబడి కీర్తన ఎత్తుకున్నాడంటే ఓడరేవులో బరువులు మోసి వచ్చినవాడు కూడా కళ్లు మూసుకుని తల ఊపేవాడు. కీర్తన అయ్యీ అవకముందే దగ్గు మొదలయ్యేది. పగలంతా తాళాల కొట్లో తాళంచెవులు అరగదీయడం, ఒక సిగరెట్టు నిప్పుతో ఇంకోటి అంటించడం, సాయంత్రం చర్చిలో పాడటం. ఇదీ అతని బతుకు. పెళ్లాం పోయాక ఆ సిగరెట్టుకు అడ్డు చెప్పే మనిషి కూడా లేకపోయింది.

ఇలాగే కాలిస్తే గొంతు దక్కదని డాక్టరు మొహం మీదే చెప్పేసరికి మనవాడు హడలిపోయాడు. ఆగస్టులో మరియమ్మ తల్లి పండుగనాడు వెండిరేకు మీద ఊపిరితిత్తుల బొమ్మ కొట్టించి తెచ్చి తల్లి పటానికి వేలాడదీశాడు. మొక్కేదో మనసులో మొక్కుకుంటే పోయేది కదా! ఈయనగారికి గొంతుంది మరి. చర్చి అంతా వినేలా "అమ్మా, ఇక పొగ ముట్టను" అన్నాడు. ఆ ఆదివారం ఫాదర్ స్తేర్గియోస్ ప్రసంగంలో "మన అనెస్టిస్‌ని చూసి నేర్చుకోండి" అని చెప్పాడు. ఆడవాళ్లు వరసగా వచ్చి చేతులు పట్టుకుని మెచ్చుకున్నారు. అనెస్టిస్‌కి ఆ పొగడ్త సిగరెట్టుకంటే ఎక్కువ మత్తెక్కించింది.

మొక్కు చలికాలం దాటింది. ఈస్టరు ముందు వచ్చే పెద్ద ఉపవాసం మొదలయ్యాక మాత్రం అతనికి చేతులు నిలవలేదు. మాంసం లేదు, పాలు లేవు, వెన్న లేదు, పొగా లేదు! మనిషి అన్నవాడు దేన్ని పట్టుకుని బతకాలి? కొట్టుకు ఎదురుగా మెల్పో అనే ఆవిడ ఈ-సిగరెట్ల దుకాణం పెట్టింది. "పొగ ముట్టనన్నాను గానీ ఆవిరి ముట్టనన్నానా?" అని తనకు తానే ప్లీడరై వాదించుకుని ఒక మధ్యాహ్నం రోడ్డు దాటాడు.

మెల్పో అతణ్ణి చూసి పకపకా నవ్వింది. "రా బాబాయ్, రా! రోజూ నీ కొట్లోంచి నా అద్దాలకేసి చూస్తుంటే ఎప్పుడొస్తావా అనుకుంటున్నా."

"మెల్లగా మాట్లాడు తల్లీ, వీధంతా వింటుంది."

"సరే సరే. నీది పనిచేసే చెయ్యి. ముందే నింపి ఉండి, అయిపోగానే పారేసే రకాలు నీకు ఆనవు. ఇదిగో, ఇది చూడు." ఆమె అటామైజర్ అనే బొటనవేలంత ఆవిరి గొట్టం తీసి దాని మూత ఊడదీసింది. లోపల సన్నటి తీగచుట్ట, దాని గుండా దూర్చిన దూది. "ఈ దూది మీద లిక్విడ్ బొట్లుబొట్లుగా వెయ్యాలి. వేశాక కాస్త ఆగు. దూది తాగనీ. అప్పుడు మీట నొక్కి పీల్చు. నాలుగు దమ్ములు లాగాక మళ్లీ బొట్లు. పొడి దూది మీద నొక్కావో, గొంతు కాలిపోద్ది. అతిగా పోశావో, కిందికి కారి చొక్కా ఖరాబవుద్ది, మూతి మీద చిటపటమంటది."

అంత విడమరిచి చెప్పినా మనవాడు ఆత్రంలో ఆగలేదు. మొదటిసారి బొట్లు వేసీ వెయ్యగానే నొక్కాడు. మాడిన దూది ఘాటు గొంతుకు పట్టి కళ్లనీళ్లు తిరిగాయి. రెండోసారి ఆ భయంతో సీసా వంచేశాడు. వేడి చుక్క ఎగిరి పెదవి మీద పడింది. "ఓరి నాయనో!" అని ఎగిరి గంతేశాడు. మూడోసారికి కుదిరింది. ఛాతీ నిండా మెత్తటి ఆవిరి, నోటి నిండా తియ్యటి వాసన. ఎన్ని నెలలకో అతని భుజాలు కిందికి దిగాయి.

"ఏం వాసన ఇది?"

"గలాక్టోబూరెకో."

అనెస్టిస్ ఆ గొట్టాన్ని నోటికి దూరంగా జరిపాడు. పాలూ వెన్నా గుడ్లూ వేసి పాకంలో ముంచే మిఠాయి అది. "ఉపవాసం కదే తల్లీ! ఇందులో పాలున్నాయా?"

"పాలచుక్క లేదు బాబాయ్. ఉత్త వాసనే. మఠంలో సన్యాసులు కూడా నిశ్చింతగా పీల్చుకోవచ్చు."

అతను సీసా చుట్టూ ఉన్న కాగితాన్ని కళ్లద్దాలు పెట్టుకుని రెండు వైపులా చదివి, పాలు లేవని రూఢి చేసుకుని, నిజంగానే నిశ్చింతగా ఇంటికి పోయాడు. ఉపవాసమంటే తన నోటికి సంబంధించిన వ్యవహారమని అనుకున్నాడు గానీ, పక్కవాళ్లకు ముక్కులుంటాయని ఆలోచించలేదు మహానుభావుడు.

పెద్ద ఉపవాసంలో శుక్రవారం సాయంత్రాలు మరియమ్మ తల్లి స్తుతులు చాలాసేపు సాగుతాయి. ఫాదర్ చదువుతున్నంతసేపూ పాడేవాడికి పనుండదు. పుస్తకపీట వెనకే చిన్న కొట్టుగది. కొవ్వొత్తులు, దీపాల నూనె, పీఠం మీద పెట్టే రొట్టెకు కావలసిన పిండి అన్నీ అందులోనే. అనెస్టిస్ అందులోకి జారుకునేవాడు. బొట్లు వేసి, దూది తాగేదాకా ఆగి, ఫాదర్ ధూపం ఊపుతూ అటువైపు వచ్చే సమయం చూసి, తలుపు ఓరగా తెరిచి ఊదేవాడు. ధూపంలో ఆవిరి కలిసిపోయేది. ఎంత తెలివిగా చేస్తున్నానో అని తనలో తాను మురిసిపోయాడు కూడా.

ఆ గదికి నిజమైన యజమానురాలు ఎవ్లాంబియా. చర్చి ఊడ్చేది, కొవ్వొత్తుల మైనం గీకేది, అన్నిటికంటే ముఖ్యంగా పీఠం రొట్టె పిసికేది ఆవిడే. పిల్లా పీచూ లేని ముసలావిడ. పేటలో ఆవిడను పేరంటానికి పిలిచేవాళ్లు లేరు, సలహా అడిగేవాళ్లు లేరు. కానీ ఫాదర్ ఆ రొట్టె పైకెత్తినప్పుడు మాత్రం ఆవిడ వెనక వరసలో నిలబడి కాస్త నిటారయ్యేది. ఆవిడకు ఉన్న గౌరవమంతా అదే.

ఒక శుక్రవారం ప్రార్థన అయ్యాక, సేవా సంఘం పెద్ద అసిమీనా కొవ్వొత్తుల కోసం ఆ గది తలుపు తీసి అక్కడే ఆగిపోయింది. ముక్కు ఎగబీల్చింది. "అమ్మమ్మమ్మా! గలాక్టోబూరెకో!" నలుగురు ఆడవాళ్లు మూగారు. అందరి ముక్కులూ అదే సాక్ష్యం చెప్పాయి.

"ఈ గదిలోకి వచ్చేది ఎవరు? నువ్వే కదా ఎవ్లాంబియా?"

"నేను ఈ నెలంతా నూనె కూడా ముట్టలేదమ్మా."

"నూనె ముట్టలేదు, పాల మిఠాయి ముట్టావన్నమాట! తినాలనిపిస్తే ఇంట్లో తిని చావరాదూ? ఆ చేత్తోనేనా పీఠం రొట్టె పిసుకుతున్నావు?"

"తల్లి మీద ఒట్టు, నేను తినలేదు."

"చర్చిలో ఒట్లు కూడానా!"

అనెస్టిస్ పుస్తకపీట దగ్గరే ఉన్నాడు. జేబులో అటామైజర్ ఇంకా వెచ్చగానే ఉంది. ఒక్క మాట. "నేనే" అంటే చాలు. వెండిరేకు, ప్రసంగం, చేతులు పట్టుకుని మెచ్చుకున్న ఈ ఆడవాళ్లు, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. పేటంతా వినేలా కీర్తనలు పాడే ఆ గొంతులోంచి మాట బయటికి రాలేదు. పుస్తకంలో పేజీ వెతుకుతున్నట్టు నటించాడు.

ఫాదర్ గొడవలంటే భయపడే మనిషి. "సరేలే, ఈస్టరు పండుగ అయ్యేదాకా రొట్టె బేకరీ నుంచి తెప్పిద్దాం" అని తేల్చేశాడు. ఎవ్లాంబియా చేతులు ఏప్రనుకు తుడుచుకుంది, వాటికి ఏమీ అంటకపోయినా.

అనెస్టిస్‌కి ఆ రోజు నుంచి అన్నం సయించలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు, కానీ చచ్చిపోయేంత సిగ్గు పడుతూనే లిక్విడ్ మార్చాడు. అవును, పుదీనా వాసనది కొన్నాడు! చూడండి మనిషి సంగతి. నిజం చెప్పే ధైర్యం లేదు గానీ దొరక్కుండా ఉండే జాగ్రత్త మాత్రం ఉంది. అది తలుచుకుని తన మీద తనకే అసహ్యం వేసింది.

తప్పు కడుక్కుందామని ఒకరోజు కొండవాలు నుంచి ఆకుకూరలు కోసుకుని ఎవ్లాంబియా ఇంటికి పోయాడు. అక్కడే చెప్పేద్దామనుకున్నాడు. ఆవిడ కుర్చీ తుడిచి వేసింది, కాఫీ కాచింది.

"నువ్వొక్కడివే వచ్చావు తమ్ముడూ. బజార్లో అందరూ మొహం తిప్పుకుంటున్నారు."

"అక్కా, అసలు సంగతేంటంటే..."

"నీకు తెలుసులే నేను తినలేదని. నీ మొహం చూస్తే తెలుస్తోంది. ఒక్కరైనా నమ్మారు, చాలు నాకు."

ఇంకేం చెబుతాడు? కాఫీ గటగటా తాగి, నోరు కాల్చుకుని, బయటపడ్డాడు. దారంతా తనను తాను తిట్టుకున్నాడు.

ఈస్టరు ముందు వారంలోని పవిత్ర బుధవారం వచ్చింది. ఆ సాయంత్రం తైలాభిషేకానికి ఆడవాళ్లంతా పళ్లేల్లో పిండి తెస్తారు. ఫాదర్ ఆశీర్వదించిన ఆ పిండితోనే రొట్టె పొంగించడానికి ఏడాదికి సరిపడా పులిసిన ముద్ద చేసుకుంటారు. ఎవ్లాంబియా కూడా ఒక పళ్లెం తెచ్చి బల్ల చివర పెట్టింది. అసిమీనా చూసి, ఒక్క మాట మాట్లాడకుండా ఆ పళ్లేన్ని రెండు వేళ్లతో పట్టుకుని కింద నేల మీద పెట్టింది.

ముసలావిడ కిందికి చూసింది. మళ్లీ తీసి బల్ల మీద పెట్టుకోలేదు.

అనెస్టిస్‌కి ఒళ్లు మండిపోయింది, అసిమీనా మీద కాదు. బల్ల దగ్గరికి నడిచాడు. "ఆ వాసన నాది. గదిలో ఊదింది నేను. ఈ-సిగరెట్టు. ఆవిడకేం సంబంధం లేదు."

అసిమీనా మెత్తగా నవ్వింది. "ఎంత మంచివాడివయ్యా అనెస్టీ! ముసలిదాని పరువు కాపాడటానికి నీ మీద వేసుకుంటున్నావు. నీ మొక్కు మాకు తెలీదా?" పక్కావిడ కళ్లు ఒత్తుకుంది. "బంగారంలాంటి మనిషి" అంది ఇంకొకావిడ.

ఇంత సిగ్గు అతను జన్మలో ఎరుగడు. నిజం చెప్పినా పొగడ్తే! జేబులోంచి అటామైజర్ తీశాడు. నోరు పెగలకపోతే ఇదైనా పనికొస్తుందని ఆ పాత పాల మిఠాయి వాసన సీసా కూడా తెచ్చుకున్నాడు. మూత తీసి, అందరి కళ్లముందు, పటాలన్నిటి ముందు, దూది మీద బొట్లు వేశాడు. ఆగాడు. దూది తాగింది. మీట నొక్కి పీల్చి, పిండి పళ్లేల మీదుగా ఊదాడు.

తెల్లటి మేఘం. పాలు, వెన్న, పాకం. ఈసారి కప్పిపెట్టడానికి ధూపం లేదు. అసిమీనా చెయ్యి ముక్కు దగ్గరికి పోయి అక్కడే ఉండిపోయింది. ఫాదర్ "ప్రభువా!" అని కళ్లు మూసుకున్నాడు. ఎవరో ఆడమనిషి "సిగ్గు లేదూ!" అని అరిచింది. అనెస్టిస్‌కి ఆ తిట్టు చల్లగా తగిలింది. ఇన్నాళ్లకు సరైన మాట అన్నారనిపించింది.

అసిమీనా నేల మీది పళ్లెం తనే ఎత్తి బల్ల మధ్యలో పెట్టింది. మొహం ఎర్రబడింది. "ఎవ్లాంబియమ్మా, పొరపాటైపోయింది. రేపటి రొట్టె నువ్వే పిసకాలి."

ఎవ్లాంబియా ఆమెను చూడలేదు. అనెస్టిస్‌నే చూస్తోంది.

"నా ఇంట్లో కూచుని కాఫీ తాగావు కదరా."



"నేను పిసకనమ్మా" అంది ఆవిడ అసిమీనాతో. "కడుపులో కోపం పెట్టుకుని ఆ పిండి ముట్టకూడదు. ఇందాకటిదాకా మీ మీద నాకు కోపం లేదు, తెలీక అన్నారులే అనుకున్నా. ఇప్పుడుంది. తెలిసినవాడి మీద ఉంది. ఎలా పోతుందో నాకు తెలీదు."

పవిత్ర గురువారం ఉదయం పీఠం మీద బేకరీ రొట్టే ఉంది. అనెస్టిస్ పాడాడు. పాడేవాడు ఇంకొకడు లేక పాడనిచ్చారు. సత్ప్రసాదం వేళ పేటంతా వరసలో నిలబడి ఒకరి తర్వాత ఒకరు ఫాదర్ చేతిలోని ప్రసాదపు గిన్నె దగ్గరికి వెళ్లారు. ఏడాదిలో ఎప్పుడు తప్పినా ఈ రోజు ఎవ్వరూ తప్పరు. ఎవ్లాంబియా వెనక వరసలోనే ఉండిపోయింది. కోపంతో అది కూడా తీసుకోకూడదు మరి. వరస అయిపోయాక కూడా ఫాదర్ గిన్నె పట్టుకుని ఆవిడ కోసం కాసేపు చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

అనెస్టిస్‌కి పాడాల్సిన చరణం ఇంకా మిగిలే ఉంది. ఫాదర్ లోపలికి తిరిగి వెళ్లేదాకా అతను ఆపకుండా పాడుతూనే ఉండాలి, పాడాడు.